మిణుగూరు డైరీ: మంత్రంతోనూ కరెంటుతోనూ నడిచే కొండ ఊరు కట్టిన లెక్క

దసరా బొమ్మల కొలువు పక్కన పెట్టడానికి కట్టిన బొమ్మ ఊరి డైరీ ఇది. కొండ మీద ఊరు, ఎక్కడా లేని ఊరు. మిణుగురులా వెలిగే ఊరు కాబట్టి మా మేనకోడలు దానికి మిణుగూరు అని పేరు పెట్టింది. విన్నవాళ్లంతా "మణుగూరా?" అంటున్నారు. ఆ మణుగూరులో బొగ్గు గనులున్నాయి, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మా మిణుగూరు మొత్తం లోడు 13.5 వాట్లు.

ఎందుకు మొదలుపెట్టాం, ఎంత సరదాపడ్డాం అన్నది వదిలేస్తున్నా. నేను పాడుచేసిన సామాను ఇంకొకరు పాడుచేయకూడదని ఇది రాస్తున్నాను. నల్లకుంటలో ఇల్లు, వెనక గది, ఆఫీసయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు. ఆషాఢంలో మొదలై మహాలయ అమావాస్య రాత్రికి ముగిసింది.

నా దగ్గర ముందే ఉన్న పనిముట్లు: మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, చిన్న డ్రిల్లు, కట్టరు, గ్లూ గన్, ఇంట్లో మంచినీళ్ల కోసం కొన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపిస్తుంది). వీటి ఖర్చు కింది లెక్కల్లో లేదు.

దశ 0: ఊరి రూల్స్

"మంత్రం ఏమేం చేస్తుంది?" అని మేనకోడల్ని అడిగితే "అన్నీ చేస్తుంది మామయ్యా" అంది. అన్నీ మంత్రమే చేస్తే ఇక కరెంటు దేనికి? దీని మీదే రెండు రోజులు పోయాయి. చివరికి మంత్రం ఒక్క పనే చేయాలని తీర్మానించాం.

ఆ ఒక్క పని మన కావ్యాల్లోంచే దొరికింది. చంద్రకాంత శిలలకు వెన్నెల తగిలితే నీరూరుతుందని కవులు చెప్పేవారు కదా. మిణుగూరు శిఖరం మీద అలాంటి శిల ఒకటి ఉంటుంది. రాత్రి వెన్నెలకు నీరూరి పై చెరువు నిండుతుంది. ఆ నీళ్లు కిందికి దూకి టర్బైన్లు తిప్పుతాయి. ఊరికి దీపాలు. నీటిని పైకి చేర్చడం మంత్రం, కిందికి దూకాక అంతా కరెంటు.

ఇది మరీ గాలిలో మేడ కాదు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. అవి నీళ్లు కిందికి పడేటప్పుడు కరెంటు తీస్తాయి, అవసరమైతే వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోస్తాయి కూడా. అక్కడ పైకి తోయడానికి గ్రిడ్ నుంచి కరెంటు కావాలి. మిణుగూరులో ఆ పని శిల చేస్తుంది. తేడా అంతే.

తర్వాత స్కేలు. 1 సెంటీమీటరు అంటే 1 మీటరు అనుకుంటే లెక్కలు తేలిక. తలుపు 2 సెంటీమీటర్లు, అంతస్తు 3 సెంటీమీటర్లు. కొండ ఎత్తు 95 సెంటీమీటర్లు పెట్టుకున్నా. అప్పుడు తట్టింది, గోల్కొండ గుట్టే దాదాపు 120 మీటర్లు ఉంటుంది. అంటే నా మహాపర్వతం గోల్కొండ కంటే పొట్టి! ఎత్తు పెంచితే ఫ్యానుకు తగులుతుంది. అందుకని కింది ఇళ్లు 1:100, నడిమి ఇళ్లు 1:150, శిఖరం దగ్గరివి 1:200 స్కేలులో కట్టాను. ఇళ్లు పైకి పోయేకొద్దీ చిన్నవవుతుంటే కంటికి కొండ ఇంకా దూరంగా, ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు కాలేదు, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ.

దశ 1: కొండ

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 120 బై 90 సెంటీమీటర్లు. దాని మీద 5 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ షీట్లు పేర్చి చెక్కాలి.

మొదటి తప్పు టేపు తీయకపోవడం. వెనక గది తలుపు వెడల్పు 76 సెంటీమీటర్లు. నా చెక్క 90. నాలుగు పొరలు పేర్చాక అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, "ఒరేయ్, కొలువుని ఈ గదిలోకి తెమ్మంటావా ఏం?" అంది. మర్నాడు చెక్కని, థర్మోకోల్‌ని నిలువునా రెండు ముక్కలు చేశాను. ఒక్కోటి 60 బై 90. ఇప్పుడు పక్కకు తిప్పితే తలుపులోంచి పోతుంది.

రెండో తప్పు వేడి తీగ. థర్మోకోల్‌ని కట్టరుతో కోస్తే గది నిండా తెల్ల గుళ్లే. అందుకని నైక్రోమ్ తీగతో విల్లులాంటి కట్టరు చేసుకున్నాను.

1. 0.3 మిల్లీమీటర్ల తీగ, 30 సెంటీమీటర్లు. మీటరులో 4.8 ఓమ్స్ చూపించింది.
2. 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరుకి తగిలించాను. తీగ అడుగుతున్నది 2.5 ఆంపియర్లు. అడాప్టరు ఆరుతూ వెలుగుతూ కూర్చుంది.
3. 3 ఆంపియర్ల అడాప్టరు పెట్టాను. ఈసారి తీగ ఎర్రబడింది. థర్మోకోల్ తెగడం మానేసి కరిగి పారిపోయింది. కోత వెడల్పు 6 మిల్లీమీటర్లు, గది నిండా పొగ.
4. మధ్యలో వోల్టేజి తగ్గించే బక్ మాడ్యూల్ పెట్టి 6.8 వోల్టులకు దించాను. 1.4 ఆంపియర్లు, అంటే 9.5 వాట్లు. కోత 1.5 మిల్లీమీటర్లు, అంచు నున్నగా వచ్చింది.

తీగ ఎర్రబడిందంటే వేడి ఎక్కువైనట్టే. మామూలు రంగులో ఉండగానే కోయాలి. కిటికీ తెరిచి, ఫ్యాను బయటికి తిప్పి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు.

మూడోది తప్పు అనలేను, అజ్ఞానం. హిమాలయాల్లా కోసుగా శిఖరాలు చెక్కాను. పుట్టినరోజు కేకులా ఉంది. ఆదివారం మౌలాలి గుట్ట ఎక్కి చూశాక అర్థమైంది, నాకు తెలిసిన కొండలు అసలు అలా ఉండవు. మన గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పగుళ్ల వెంట అరిగీ అరిగీ మూలలు పోయి, గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. అలాంటి కొండ చెక్కడం కోసు శిఖరాల కన్నా చాలా తేలిక కూడా. పెద్ద బండలు కింద, వాటి సందుల్లో ఇళ్లు, పైన పడిపోతుందేమో అన్నట్టు ఒక రాయి. కోసు శిఖరాలన్నీ కోసేశాను.

ఇప్పటిదాకా: ప్లైవుడ్ 1,450, థర్మోకోల్ 14 షీట్లు 1,540, తీగ, అడాప్టరు, మాడ్యూల్ కలిపి 480. మొత్తం రూ. 3,470. పని 26 గంటలు. బరువు 10.4 కిలోలు.

దశ 2: పైతోలు

థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే పెయింటు కొట్టాను. డబ్బాలోని సాల్వెంటు దాన్ని తినేసింది. రెండు డబ్బాలు కొట్టేసరికి ఎడమ ముక్క మీద మశూచి మచ్చల్లా గుంటలు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: సాల్వెంటు ఉన్నది ఏదీ థర్మోకోల్‌కి తగలకూడదు. స్ప్రే, రబ్బరు జిగురు, ఏదైనా సరే. చిటికెలో అంటుకునే సైనోఎక్రిలేట్ కూడా దాన్ని తినేస్తుంది. నీళ్లలో కలిసే తెల్ల ఫెవికాల్ దానికి పడుతుంది.

ఆ గుంటల్ని దాచడానికి పేపరు గుజ్జు. పాత న్యూస్‌పేపర్లు ఒక రాత్రి నానబెట్టి, మిక్సీలో తిప్పి (పాత మిక్సీ, వంటకు వాడనిది), మైదా జిగురులో కలిపి పూశాను. 8 మిల్లీమీటర్ల మందం. వానాకాలం కాబట్టి 4 రోజులైనా ఆరలేదు. ఐదో రోజు పొద్దున చూస్తే కుడి ముక్క అంచున గుజ్జు లేదు. ఎలుక. మైదా ఉడకబెట్టి పెట్టి, రాత్రంతా గది తలుపు తెరిచి ఉంచితే రాకుండా ఎలా ఉంటుంది?

బైండింగు చేసేవాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. అది విషం. పదకొండేళ్ల పిల్ల చేతులు పెట్టే చోట వద్దనుకున్నా. మైదా మొత్తం మానేసి ఫెవికాల్‌కి మారాను.

ఆరేటప్పుడు పగుళ్లు వచ్చాయి. దానికి మందు ధూల్‌పేటలో దొరికింది. అక్కడ వినాయక విగ్రహాలు చేసేవాళ్లు ప్లాస్టర్‌లో కొబ్బరి పీచు వేస్తారు, పగలకుండా పట్టి ఉంచడానికి. నేనూ పీచుని వేలెడు ముక్కలుగా కత్తిరించి గుజ్జులో కలిపాను. చివరికి కుదిరిన పాళ్లు:

1. పిండిన పేపరు గుజ్జు 1 కిలో
2. ఫెవికాల్ 250 గ్రాములు
3. కొబ్బరి పీచు రెండు గుప్పెళ్లు
4. పూత మందం 3 మిల్లీమీటర్లు. ఆరాక ఇంకో పూత. ఒకేసారి 8 వేయొద్దు.

గుజ్జు ఊడకుండా దాని కింద కొన్నిచోట్ల కోళ్ల గూటికి వాడే ఇనుప జాలీ పరిచాను. అది దశ 5లో నా పీకల మీదికి వచ్చింది.

రంగు: బూడిద రంగు ఒక పూత, దాని మీద లేత గులాబీ స్పాంజితో అద్దడం, ఆపైన పాత టూత్‌బ్రష్షుతో నల్ల చుక్కలు చిలకరించడం. ఒక అడుగు దూరం నుంచి అచ్చం మన గ్రానైటే.

ఇప్పటిదాకా: ఈ దశకు 1,660 (పాడైన స్ప్రేలు 480 కలిపి). మొత్తం రూ. 5,130. 57 గంటలు. 15.7 కిలోలు.

దశ 3: ఇళ్లు, దీపాలు

ఇళ్లకు అట్ట కొనలేదు. బీరువా మీద ఇరవై ఏళ్ల పెళ్లి శుభలేఖలున్నాయి. మందంగా, గట్టిగా, అక్కడక్కడా బంగారు రంగుతో. మొత్తం 140 ఇళ్లు. శిఖరం దగ్గర ఒక గుడి గోపురం మీద దగ్గరికెళ్లి చూస్తే తలకిందులుగా "చి.ల.సౌ." అని ఇప్పటికీ చదవొచ్చు. కిటికీలకు బటర్ పేపరు.

దీపం పెట్టగానే ఇల్లంతా ఎర్రగా వెలిగింది, కిటికీలు కనబడలేదు. అట్టలోంచి వెలుతురు వచ్చేస్తోంది. ఇంటి లోపలంతా నల్ల రంగు పూయాలి, అతికించక ముందే. నేను అతికించాక పూశాను, సన్న బ్రష్షుతో, 93 ఇళ్లకు.

93 ఇళ్లకు మాత్రమే దీపాలు. మిగతా 47 మంది నిద్రపోయారు.

మొదట 5 వోల్టులతో, ఒక్కో ఎల్‌ఈడీకి ఒక 220 ఓమ్ రెసిస్టరు పెట్టి అన్నీ సమాంతరంగా కలిపాను. తీగ 0.23 మిల్లీమీటర్ల ఎనామెల్ రాగి తీగ, సన్నగా ఉంటే దాచడం తేలికని. కింద కొలిస్తే 4.96 వోల్టులు. శిఖరం దగ్గర 4.2. కింది వీధులు ధగధగ, గుడి దగ్గర గుడ్డి దీపాలు. లైను చివరి ఇంటికి లో వోల్టేజి అంటారే, అదే కథ నా గదిలో. ఆ తీగ మీటరుకి 0.4 ఓమ్ ఉంటుంది. పోవడానికి, రావడానికి కలిపి నాలుగు మీటర్ల పైమాటే. అందులో ముప్పావు ఆంపియరు పైన పారుతుంటే వోల్టేజి దారిలోనే రాలిపోతుంది.

మందం తీగ వేయొచ్చు, కానీ బండల సందుల్లోంచి కనిపిస్తుంది. కాబట్టి వోల్టేజి పెంచాను. 12 వోల్టులు, మూడేసి ఎల్‌ఈడీలు వరసగా, వరసకి ఒక 330 ఓమ్ రెసిస్టరు. ఒక్కో ఎల్‌ఈడీ 3 వోల్టులు తీసుకుంటే 9 పోతాయి, మిగిలిన 3 వోల్టులు రెసిస్టరు మీద, 9 మిల్లీఆంపియర్లు. 31 వరసలు. మొత్తం 0.28 ఆంపియరు. కరెంటు మూడో వంతుకి దిగితే తీగలో నష్టం తొమ్మిదో వంతుకి దిగుతుంది. దూరాలకు కరెంటు పంపేవాళ్లు 400 కిలోవోల్టుల దాకా ఎందుకు పెంచుతారో పుస్తకంలో ఎన్నోసార్లు చదివాను. వేలికి ఎక్కింది మాత్రం ఇక్కడే. మార్చాక శిఖరం దగ్గర 11.8.

వారం తర్వాత మూడు ఇళ్లు ఒకేసారి ఆరిపోయాయి. మూడూ ఒకే వరస, అంటే ఆ వరసలో ఒక కీలు (తీగల అతుకు) ఊడింది. ఎనామెల్ పూర్తిగా గీకకుండా సోల్డర్ పెట్టాను, అది పైపైన అంటుకుంది. కీలు కొండ లోపల ఉంది. కొండను చెక్కకి ఫెవికాల్‌తో శాశ్వతంగా అంటించేశాను. పైన గుజ్జు, రంగు, ఇళ్లు.

రంపం బ్లేడుతో కొండ వెనక కోశాను. కోసేటప్పుడు ఇంకో రెండు తీగలు తెగాయి. ఆ రాత్రి ఒంటిగంటకి తీసుకున్న నిర్ణయం: కంటికి కనపడని ప్రతి కీలుకీ ఒక తలుపు ఉండాలి. మొత్తం 5 తలుపులు పెట్టాను. 12 బై 15 సెంటీమీటర్లు, నాలుగు వెనక, ఒకటి కుడి పక్క. చిన్న అయస్కాంతాలతో మూసుకుంటాయి. పక్కనున్న తలుపు నంబరు 3. ఎనామెల్ గీకడానికి ఉప్పు కాగితం వాడాను, ప్రతి కీలునీ బిగించే ముందు మీటరు బీప్ పెట్టి చూశాను.

ఇప్పటిదాకా: ఈ దశకు 1,340 (పనికిరాకుండా పోయిన 5 వోల్టుల అడాప్టరు 200 కలిపి). మొత్తం రూ. 6,470. 95 గంటలు. 16.6 కిలోలు.

దశ 4: నీళ్లు

కొండని రెండు ముక్కలు చేశాను కదా, ఆ అతుకు కనిపించకుండా దాని మీదుగానే జలపాతం పెట్టాను. తెలివైన పని అనుకున్నా. నీళ్లు వదిలిన 10 నిమిషాలకు అతుకులోంచి కారి కింద పరిచిన దుప్పటి తడిసింది. నీళ్లకు అతుకు అడ్డం రాకూడదు. జలపాతం మొత్తాన్ని కుడి ముక్కలోకి మార్చి, అతుకు మీద కోట మెట్లు కట్టాను. మెట్లకి చీలిక ఉన్నా ఎవరూ అడగరు.

పంపులు మూడు కొన్నాను.

మొదటిది 5 వోల్టుల బుల్లి పంపు. మ్యాక్సిమం లిఫ్ట్ 80 సెంటీమీటర్లు అని రాసి ఉంది. నాకు కావలసింది 78. సరిపోతుందనుకున్నా. పై చెరువులో బొట్టు బొట్టు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కొట్టుకే వెళ్లి అడిగితే ఆయన నవ్వాడు. "మ్యాక్సిమం అంటే ఆడిదాంక నీళ్లు ఎక్కుతయన్నా. ఎక్కి ఆగుతయి, బయటికి రావు." కావలసిన ఎత్తుకి కనీసం రెండింతలు ఉన్నది కొనాలి.

రెండోది అక్వేరియం పంపు, 230 వోల్టులు, 18 వాట్లు. నీళ్లు బాగా ఎక్కాయి, ఊరు మునిగింది. ముంపు సంగతి అలా ఉంచితే, నీళ్లు, లోపల ఇనుప జాలీ, 230 వోల్టులు, పక్కన పిల్ల. ఒక్కసారి ఈ నాలుగూ కలిపి ఆలోచించేసరికి ప్లగ్గు పీకేశాను. దీన్ని ఎవరూ కాపీ కొట్టకండి. నీళ్లున్న బొమ్మలోకి 12 వోల్టులు దాటి ఏదీ పోకూడదు. అడాప్టరు దూరంగా, గోడ దగ్గరే ఉండాలి.

మూడోది 12 వోల్టులది, లిఫ్ట్ 3 మీటర్లు. ఇది కుదిరింది. మీటరులో 4.4 వాట్లు. పై చెరువు నుంచి కింది మడుగుకి 62 సెంటీమీటర్లు. లీటరు చెంబు నిండడానికి 31 సెకన్లు.

మేనకోడలు ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. "ఈ నీళ్లతోనే నిజంగా దీపాలు వెలిగించొచ్చుగా?" లెక్క వేసి చూపించాను. సెకనుకి 0.032 కిలోల నీళ్లు, 9.8తో, 0.62 మీటర్లతో గుణిస్తే 0.2 వాట్లకు కాస్త తక్కువ, అదీ నష్టాలేవీ లేకుండా. దీపాలకే 3.3 కావాలి. "మిగతాది?" "మిగతాది మంత్రం." నిజం స్కేలులో అయితే మాత్రం లెక్క బాగానే వస్తుంది. 62 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకి ఒక ఘనపు మీటరు పడితే, నూటికి 80 పాళ్లు పట్టగలిగినా దాదాపు 486 కిలోవాట్లు. 140 ఇళ్లకు ఇంటికి మూడు కిలోవాట్ల పైన. మిణుగూరులో ఇల్లిల్లూ ఏసీ పెట్టుకోవచ్చు.

ఇప్పటిదాకా: మూడు పంపులు 890, గొట్టం 150, వాటర్‌ప్రూఫ్ పూత 340, అడుగు ట్రే 160, కలిపి 1,540. మొత్తం రూ. 8,010. 117 గంటలు. 18.4 కిలోలు, నీళ్లు లేకుండా.

దశ 5: చంద్రకాంత శిల

కావలసింది ఇది: మంత్రదండం చూపిస్తే శిల మెల్లగా వెలగాలి, పొగమంచు రావాలి, తర్వాత నీళ్లు దూకాలి, ఆఖరున కింది నుంచి పైకి ఊరు వెలగాలి. పైగా మేనకోడలి షరతు, శిలకి తీగ ఉండకూడదు. చేత్తో ఎత్తి చూస్తుందట.

శిలకు పటిక ముక్క పెట్టాను. లోపల వెలుతురు పడితే అచ్చం చంద్రకాంతమే. పొగమంచు తడికి రెండు రోజుల్లో సగమైంది. కావ్యంలోని శిల నిజంగానే ద్రవించింది. పటిక నీళ్లలో కరుగుతుందని నాకు తెలియదా, తెలుసు, తట్టలేదంతే. తర్వాత బంకమట్టిలో గుంట చేసి గ్లూ గన్ కడ్డీలు కరిగించి పోశాను. పాల రంగులో, గరుకుగా, పటిక కన్నా బాగుంది.

తీగ లేకుండా వెలగడానికి రెండు కాయిల్స్ ఉన్న వైర్‌లెస్ మాడ్యూల్. ఒక కాయిల్ కింద దాక్కుంటుంది, ఒకటి శిల లోపల. బల్ల మీద కొలతలు:

1. ఎడం 3 మిల్లీమీటర్లు: పూర్తి వెలుగు
2. 10 మిల్లీమీటర్లు: గుడ్డిగా
3. 15 మిల్లీమీటర్లు: ఏమీ లేదు

కొండలో పెడితే 3 మిల్లీమీటర్ల దగ్గరే గుడ్డిగా వెలిగింది, కింది మాడ్యూల్ చేయి పెట్టలేనంత వేడెక్కింది. గంటన్నర తీగలన్నీ తిరగేశాక గుర్తొచ్చింది, గుజ్జు కింద ఇనుప జాలీ. కాయిల్ శక్తిని శిల కన్నా ముందు జాలీ తాగేస్తోంది. శిఖరం దగ్గర జాలీని 8 సెంటీమీటర్ల గుండ్రంగా కత్తిరించి తీసేశాను. వెంటనే సర్దుకుంది.

మంత్రదండం అంటే పాత కోలాటం కర్ర. చివర 8 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి నియోడిమియం అయస్కాంతం దింపాను. దాన్ని పట్టడానికి రాయి కింద రీడ్ స్విచ్, అయస్కాంతం దగ్గరికొస్తే ఆన్ అయ్యేది. గాజు గొట్టం అది, కాళ్లు వంచితే పుటుక్కుమంటుంది. 10లో 4 అలా పోయాయి. వంచేటప్పుడు గాజు పక్కన కాలిని సన్న శ్రావణంతో గట్టిగా పట్టుకోవాలని నాలుగోది పోయాక తెలిసింది. విసిగి, అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సరుకి మారాను. అదీ పనిచేయలేదు. రెండు రోజులు కోడు తిరగరాశాను. తప్పు కోడుది కాదు. ఆ సెన్సరు అయస్కాంతం దక్షిణ ధ్రువాన్ని మాత్రమే గుర్తిస్తుంది, నేను కర్రలో ఉత్తరం పైకి అంటించాను. అయస్కాంతం పీకలేక కర్ర రెండో చివర ఇంకొకటి పెట్టాను. ఇప్పుడు దండానికి ఒక చివరే మంత్రం. మేనకోడలికి అదే తెగ నచ్చింది, తప్పు చివర పట్టుకున్నవాళ్లకి శిల పలకదట.

ఇవన్నీ నడిపే మెదడు ఈఎస్‌పీ32 బోర్డు, అంటే ఆ కోడు ఎక్కించే బుల్లి కంప్యూటరు. శిల చుట్టూ 30 రంగుల ఎల్‌ఈడీల పట్టీ. మొదటి రోజు పట్టీ తనిష్టం వచ్చినట్టు ఎరుపు, ఆకుపచ్చ మెరిసింది. బోర్డు పంపేది 3.3 వోల్టుల సంకేతం. 5 వోల్టుల మీద నడిచే పట్టీకి కనీసం 3.5 కావాలి. పట్టీ ప్లస్ తీగలో ఒక 1ఎన్4007 డయోడు పెడితే దానికి అందేది 4.3కి తగ్గుతుంది, అప్పుడు 3 వోల్టులు చాలు. డేటా తీగలో 330 ఓమ్ రెసిస్టరు పెట్టి, బోర్డుని శిఖరం కిందికే జరిపి తీగ పొడవు 15 సెంటీమీటర్లకు తగ్గించాను. మళ్లీ మెరవలేదు.

పొగమంచుకి రెండు అల్ట్రాసోనిక్ బిళ్లలు. బాగానే వచ్చింది. మూడో రోజు కోట మెట్ల మీద ముగ్గు చల్లినట్టు తెల్ల పొడి. రంగు లేస్తోందనుకుని ఒక సాయంత్రం మళ్లీ రంగు వేశాను. మళ్లీ తెల్లబడింది. బోరు నీళ్లు! టీడీఎస్ 780. ఆ బిళ్ల నీటిని మరిగించదు, తుంపరలుగా కొడుతుంది. నీళ్లలోని ఉప్పులన్నీ తుంపరతో పాటు ఎగిరి మెట్ల మీద ఆరిపోతాయి. ఆర్‌ఓ నీళ్లకు మారాను, టీడీఎస్ 60. జలపాతానికి బోరు నీళ్లే, మంచు గిన్నెకు మాత్రం ఆర్‌ఓ.

ఇప్పటిదాకా: ఈ దశకు 1,680. మొత్తం రూ. 9,690. 151 గంటలు. 19.1 కిలోలు.

దశ 6: అన్నీ కలిపి

12 వోల్టుల దగ్గర మీటరు పెట్టి ఒక్కోటి ఆన్ చేసి రాసుకున్నాను. ఇళ్ల దీపాలు 3.3 వాట్లు. పంపు 4.4, మంచు 2.2, శిల కాయిల్ 1.3, రంగుల పట్టీ 1.2, బోర్డు 0.6. మాడ్యూళ్లలో పోయేది కలిపితే 1.13 ఆంపియర్లు, దాదాపు 13.5 వాట్లు.

మళ్లీ చూడండి. కరెంటుతో నడిచే భాగం అని చూపిస్తున్నది 3.3. మంత్రం అని చూపిస్తున్నది 9.7. తీగ లేనట్టు కనిపించడానికి కరెంటు మూడింతలు పడుతోంది. గంటల లెక్క కూడా ఇలాగే ఉంది. దీపాలకు 38 గంటలు, నీళ్లకీ శిలకీ కలిపి 56.

రూ. 100 పెట్టి 2 ఆంపియర్ల ఫ్యూజు, దాని హోల్డరు, నాలుగు స్పేర్లు. మొత్తం రూ. 9,790. 160 గంటలు. మోసేటప్పుడు ఎడమ ముక్క 8.4 కిలోలు, కుడిది 10.7. రెండూ తలుపులోంచి పోయాయి.

మళ్లీ కడితే మార్చేవి: థర్మోకోల్ బదులు అట్టపెట్టెలు (బరువు పెరిగినా పర్లేదు, ఆ తెల్ల గుళ్లు ఇంకా గదిలో దొరుకుతూనే ఉన్నాయి), ఇనుప జాలీ బదులు ప్లాస్టిక్ దోమల జాలీ, తలుపులు మొదటి రోజే.

పాడ్యమి సాయంత్రం కొలువు పెట్టాం. మేనకోడలు కర్ర చూపించింది, శిల వెలిగింది, మంచు వచ్చింది, నీళ్లు దూకాయి, ఊరు వెలిగింది. రెండో రోజు పేరంటానికి జనం వచ్చిన వేళకి నీళ్లు ఆగిపోయాయి. పంపులో గాలి చేరింది. గొట్టం ఒకసారి పీకి పెడితే చాలు, అర నిమిషం పని. దానికి తలుపు నంబరు 3 తెరవాలి. ఆ తలుపు ముందు అమ్మ కొండపల్లి ఏనుగు అంబారీ పెట్టింది, దాని పక్కన దశావతారాలు, పసుపు కుంకుమ పళ్లెం.

"పూజ చేసిన బొమ్మలురా, నువ్వు ముట్టుకోకు, నేనే జరుపుతా" అని అమ్మ ఒక్కొక్కటే తీసింది. పది అవతారాలు పక్కకు వచ్చేసరికి అరగంట. పేరంటాళ్లు అప్పటికే వాయనాలు పుచ్చుకుని వెళ్లారు. గాలి తీసి మూశాక, ఏనుగు ఎక్కడిదాకా రావచ్చో బల్ల మీద సుద్దముక్కతో గీత గీశాను. తలుపు రెక్క పూర్తిగా తెరుచుకోవడానికి 13 సెంటీమీటర్లు.